కుడివైపు కింది మూల

మాదాపూర్,
జూన్ 9

కిష్టయ్య మామకు,

నీ మేనకోడలు రజిత రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. నీకు ఫోన్లో మాట వినపడదు. మెసేజీలు చదవడం ఇష్టముండదు. "ఆ అక్షరాలన్నీ ఒకే అచ్చుల పోసినట్టుంటయి" అన్నావట. అందుకని అమ్మ ఉత్తరం రాయమంది. నాకు ఎంత సంతోషమో! డిగ్రీలో తెలుగు తీసుకున్నాక మా మేడం రోజుకో పేజీ రాయమంటారు. ఇన్నాళ్లూ ఆ పేజీని ఎవరికి రాయాలో తెలియక గోడకు, ఫ్యానుకు, బస్సు కండక్టరుకు రాశాను. ఇప్పుడు ఒక మనిషి దొరికాడు.

సంగతి ఏమిటంటే, అమ్మ రొట్టెల బండి మానేసి దుకాణం పెట్టింది. హాస్టళ్ల సందులో, మూడంతస్తుల ఇంటి కింద ఒక షట్టర్. రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు, ఒక ఫ్యాను. అన్నీ ఉన్నాయి, బోర్డు ఒక్కటే లేదు. బండి దగ్గర తిన్న సాఫ్ట్‌వేర్ అన్నలూ అక్కలూ సందు మొదట్లో నిలబడి ఫోన్ చేస్తారు.

"ఆంటీ, ఎక్కడ?"

"గా నీలం గేటు దాటినంక బిడ్డా."

ఈ సందులో నీలం గేట్లు ఐదున్నాయి మామా! నిన్న ఒకాయన మూడో నీలం గేటులోకి వెళ్లాడు. అది లేడీస్ హాస్టల్. వార్డెన్‌తో తిట్లు తిని, రొట్టె తినకుండానే ఆఫీసుకు పోయాడు. ఇట్లయితే దసరా నాటికి షట్టర్ దించెయ్యాల్సిందే అంటున్నాడు నాన్న. పాత బండి జాగాలో ఇప్పుడు జ్యూస్ బండి ఉంది. వెనక్కి పోయే దారి కూడా లేదు.

మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టాం. పర్మిషన్ లేకుండా కట్టకూడదట. మున్సిపల్ వాళ్లు వచ్చి మర్యాదగానే చెప్పారు. తప్పు మాదే, విప్పేశాం. ఇప్పుడు పద్ధతిగా దరఖాస్తు పెట్టుకోవాలి. నాన్న "లైట్ల బోర్డు చేపిద్దాం, ఒక్క పూటల అయిపోతది" అన్నాడు. అమ్మ వినలేదు. "మా అన్న రాయాలె. చేత్తోని రాయాలె. గంతే." ఎందుకమ్మా అంటే చెప్పదు. పిండి పిసుకుతూ కూర్చుంటుంది.

దరఖాస్తుతో పాటు బోర్డు డ్రాయింగ్ ఇవ్వాలి. దుకాణానికి అమ్మ పేరే: "ఎల్లమ్మ జొన్నరొట్టెలు". వేసి పంపుతావా?

నీ జవాబు కోసం గేటు దగ్గర కాపలా కాసే,
రజిత


మక్తల్,
జూన్ 17

బిడ్డ రజితకు,

ఉత్తరం అందింది. నీ చేతిరాత కుడివైపుకు ఒరుగుతున్నది. పరుగెత్తేవాళ్ల రాత అట్లనే ఉంటుంది. పర్వాలేదు.

ఇక్కడ బోర్డుల ఆర్డర్లు చాలా ఉన్నాయి. తీరిక తక్కువ. అయినా చెల్లెలి పని కాబట్టి డ్రాయింగ్ వేసి ఇందులో పెట్టాను. పసుపు నేల, ఎర్ర అక్షరాలు, నల్ల నీడ. పొడవు పన్నెండు జానలు, వెడల్పు నాలుగు జానలు.

ఒక మాట. ఎల్లమ్మ పేరులో రెండు వత్తులు కిందికి దిగుతాయి. అందుకే కింద జాగా ఎక్కువ వదిలాను. వత్తులు మనుషుల కాళ్ల లాంటివి. చాపుకోవడానికి చోటుండాలి. ఆఫీసు వాళ్లు జాగా ఎందుకని అడిగితే ఇదే చెప్పు.

చెల్లెల్ని, బావను అడిగినట్టు చెప్పు.

కిష్టయ్య


మాదాపూర్,
జూన్ 25

మామా!

నీ డ్రాయింగ్ చూసి మా సందంతా పండగ చేసుకుంది. సందంతా అంటే నేను, అమ్మ, ఇస్త్రీ స్వామి. అమ్మ చేతులు రెండుసార్లు కడుక్కొని గానీ దాన్ని ముట్టుకోలేదు.

ముందు ఇంటి ఓనర్ సంతకం తెచ్చాను. పుణ్యవతి గారు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. "ముప్పై ఏళ్లు ట్రెజరీలో చేశానండి. చదవకుండా సంతకం పెట్టడం నా చేతికి రాదు" అన్నారు. నాలాంటి పిల్లను కూడా అండి అంటారు! ఆమె ఇచ్చేదాన్ని నిరభ్యంతర పత్రం అంటారు మామా. ఎంత పెద్ద మాటో చూడు. నాలుగుసార్లు పైకి చదివి మురిసిపోయాను. ఆమె మాత్రం మురిసిపోలేదు. "గోడకు ఎన్ని బోల్టులండి? అది రాయలేదేం?" అని నా చేతే "నాలుగు బోల్టులు మాత్రమే" అని రాయించి అప్పుడు సంతకం పెట్టారు.

తర్వాత మున్సిపల్ ఆఫీసుకు పోయాను. అక్కడ కాగితాలు చూసే కళ్యాణి మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపారు.

"జానలా? ఎవరి జాన బిడ్డా?"

"మా మామది మేడం."

"మీ మామ చేతి మీద అంగుళాల గుర్తులుంటయా?"

వెనక లైన్లో వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వొచ్చింది కదా! అడుగుల్లో, అంగుళాల్లో కావాలట. నా జానతో కొలిచి రాసేద్దామనుకుంటే అమ్మ ఒప్పుకోలేదు. "మా అన్న జాన, నీ జాన ఒక్కటెట్లయితది? జర అడుగు."

అందుకని అడుగుతున్నాను. నీ జాన ఎంత?

కొలతల కోసం ఎదురుచూసే,
రజిత


మక్తల్,
జూలై 2

బిడ్డా,

ముప్పై ఏళ్లుగా జానతోనే కొలుస్తున్నాను. దాన్ని కొలవాలని నాకెప్పుడూ తోచలేదు. టేపు ఒకటి ఉండేది, ఎవరో తీసుకుపోయారు.

ఈ కాగితం మీద నా చెయ్యి ఆనించి చుట్టూ పెన్సిల్‌తో గీశాను. బొటనవేలి కొన నుంచి చిటికెన వేలి కొన వరకు నువ్వే కొలుచుకో. కాగితం మడత పెట్టకుండా పంపాలంటే పోస్టాఫీసులో పెద్ద కవరు కొనమన్నారు. కొన్నాను.

కిష్టయ్య


మాదాపూర్,
జూలై 11

మామా,

నీ చెయ్యి క్షేమంగా చేరింది!

తొమ్మిది అంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు. అంటే బోర్డు తొమ్మిది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు. ఇంత చక్కగా కుదిరే లెక్కను నేను పరీక్షలో కూడా చూడలేదు. అమ్మ ఆ కాగితం మీద తన చెయ్యి ఆనించి, "గీ చేత్తోనే నాకు ఒకట్లు, రెండ్లు నేర్పిండు. తప్పు రాస్తే గీ చేత్తోనే పీకిండు" అని నవ్వింది. ఆ కాగితం ఇప్పుడు దేవుడి పటాల పక్కన ఉంది. నేను పెట్టలేదు.

కొలతలు రాసి దరఖాస్తు ఇచ్చాను. నిన్న పిలిచారు. అయిపోయిందనుకొని గంతులేసుకుంటూ పోయాను. కానీ...

"డ్రాయింగ్ మస్తుంది. గీ మూలకు ఏముంది?" అన్నారు కళ్యాణి మేడం.

కుడివైపు కింది మూల. నువ్వు చిన్న అక్షరాలతో "కిష్టయ్య ఆర్ట్స్, మక్తల్" అని రాశావు.

"మా మామ సంతకం మేడం."

"సంతకం సరే. కానీ గిది ఇంకో దుకాణం పేరు లెక్క ఉంది. మీ అమ్మ బోర్డు మీద వేరే దుకాణం పేరుంటే అది ప్రకటన కిందికి వస్తది. దానికి వేరే దరఖాస్తు."

"అది దుకాణం కాదు మేడం, మా మామ!"

ఆమె నవ్వలేదు మామా, కొంచెం ఆలోచించారు. "మా ఊర్ల కూడా బోర్డులు రాసేటోళ్లు మూలకు పేరేసుకునేది. నాకెరుకే. కానీ ఫైలుకు ఎరుక కావాలె కదా. ఒక పని చెయ్. ఈ మధ్య మీ మామ రాసిన మూడు బోర్డుల ఫొటోలు తెచ్చియ్. మూలకు గిట్లనే పేరుండాలె. ఇది ఆయన పద్ధతి, ప్రకటన కాదు అని నేను పైన సార్‌కు రాసి పంపుత."

చూశావా! మూడే మూడు ఫొటోలు. నీకు ఆర్డర్లు చాలా ఉన్నాయి కదా, ఏవైనా మూడు తీయించి పంపు. నేను ఈలోపు అర్జీ రాస్తున్నాను. "అక్షరానికి ఒక తండ్రి ఉంటాడు" అని మొదలుపెట్టాను. బాగుందా?

నీ పేరు తరఫున పోట్లాడే,
రజిత


మక్తల్,
జూలై 19

బిడ్డా,

ఇక్కడ వానలు. ఫొటోలు తీసే మనిషి ఊళ్లో లేడు. రెండు వారాలు ఆగాలి.

అర్జీ మొదలు బాగుంది. కానీ అక్షరానికి తండ్రి వద్దు. కుంచె చాలు.

కిష్టయ్య


మాదాపూర్,
జూలై 27

మామా,

వాన ఉంటే ఏం? బోర్డులు తడిస్తే ఇంకా మెరుస్తాయి కదా! ఎవరి ఫోన్‌తోనైనా తీయించు.

అర్జీ మూడు పేజీలైంది. పుణ్యవతి గారు చదివి, "ఇందులో కన్నీళ్లు ఎక్కువున్నాయండి, కారణాలు తక్కువున్నాయి" అని ఒకటిన్నర పేజీ కొట్టేశారు. మిగిలింది నిజంగానే బాగుంది. నాకు కోపమొచ్చింది, తర్వాత పోయింది.

దుకాణానికి జనం ఇంకా తగ్గారు. నిన్న పొద్దున ఏడుగురే వచ్చారు. అందులో ఒకరు దారి అడగడానికి వచ్చారు. నాన్న షట్టర్ వైపు చూస్తాడు. లైట్ల బోర్డు మాట మళ్లీ ఎత్తితే అమ్మ చేతిలో పిండి విసిరేసేలా చూసింది. నీ బోర్డు తప్ప ఇంకోటి ఆ గోడకు ఎక్కదు. నీ పేరు లేకుండా ఎక్కడం నాకు ఇష్టం లేదు. మూడు ఫొటోలు మామా. తొందరగా.

రజిత


మక్తల్,
ఆగస్టు 3

రజితా,

ఫొటోలు లేవు. నేను వాన మీద నెట్టాను.

ఆర్డర్లు చాలా ఉన్నాయని రాశాను. అబద్ధం. నేను ఆఖరిసారి రాసిన బోర్డు ఒక సైకిల్ షాపుది. ఎనిమిదేళ్లయింది. ఆ షాపు ఇప్పుడు లేదు, బోర్డు ఎవరో కోళ్ల గూటికి తలుపు చేసుకున్నారు. అంతకు ముందువన్నీ ఫ్లెక్సీల కిందికి పోయాయి.

ఇప్పుడు ఒక కాంట్రాక్టరు కింద కరెంటు స్తంభాలకు నంబర్లు వేస్తున్నాను. పసుపు పట్టీ, మీద నల్ల అంకెలు. రోజుకు నలభై స్తంభాలు. పనిలో తప్పు లేదు. కానీ పేరు రాసినవాడు మూలన తన పేరు వేసుకుంటాడు. అంకె రాసినవాడు ఏం వేసుకుంటాడు? మీ బోర్డు డ్రాయింగ్ అయిపోగానే చెయ్యి తనంతట తానే మూలకు పోయింది. ఇన్నేళ్ల తర్వాత పోయింది కదా అని నేను ఆపలేదు.

ఆ మేడం చెప్పింది సరైన మాట. పేరు లేకుండా మళ్లీ వేసి పంపుతున్నాను. ఇది ఇచ్చెయ్. అర్జీ వద్దు. షట్టర్ మూతపడే దాకా నా పేరు కోసం ఆగొద్దు.

మీ అమ్మకు మాత్రం చెప్పకు. దానికి నేను ఇంకా బోర్డుల కిష్టయ్యనే.

కిష్టయ్య


మాదాపూర్,
ఆగస్టు 14

మామా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఒక్క పేజీ కూడా రాయలేదు. ఏ మాట తీసినా చిన్నదిగానే కనిపించింది. అమ్మకు చెప్పలేదు. నువ్వు చెప్పినట్టే కొత్త డ్రాయింగ్ ఇచ్చాను. కళ్యాణి మేడం ఖాళీగా ఉన్న మూలను చూసి, నన్ను చూసి తీసుకున్నారు. మెట్లు దిగుతూ ఏడ్చాను. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

ఇప్పుడు కూర్చో. కూర్చున్నావా?

పర్మిషన్ వచ్చింది! "మంజూరు చేయడమైనది"! ఎవరు చేశారో చెప్పకుండా ఎంత దర్జాగా చెప్పారో చూడు. అది కాదు అసలు సంగతి. కింద షరతులున్నాయి. నాలుగోది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అనుమతి సంఖ్యను బోర్డు కుడివైపు కింది మూలన స్పష్టంగా కనబడునట్లు రాయవలెను."

కుడివైపు! కింది మూల! సంఖ్య!

మామా, నీ మూలే! అక్కడ అంకెలు వేయాల్సిందేనట, వేయకపోతే తప్పట! మన సంఖ్య 5828. నాన్న "స్టిక్కర్ అంటిద్దాం" అన్నాడు. నేను వేసిన కేకకు ఇస్త్రీ స్వామి చొక్కా కాల్చుకున్నాడు. (తన చొక్కానే. కస్టమర్‌ది కాదు.)

రేకు కొన్నాం. నువ్వు రావాలి. పోస్టులో పంపితే కుదరదు, ఈసారి చెయ్యితో పాటు నువ్వు కూడా రా.

ఊపిరి ఆడని,
రజిత


మక్తల్,
ఆగస్టు 18

బిడ్డా,

ఒక ఐదు, ఒక రెండు, రెండు ఎనిమిదులు.

ఎనిమిది కష్టమైన అంకె. రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎనిమిది కాదు. పై కడుపు చిన్నది, కింది కడుపు పెద్దది. ఆనించిన కుంచె ఎత్తకుండా తిప్పాలి. స్తంభం గుండ్రంగా ఉంటుంది, దాని మీద తిప్పడం ఇంకా కష్టం. రేకు చదునుగా ఉంటుంది కదా, నాకు అదొక సుఖం. పదకొండు వేల స్తంభాలు రాశాను. ఈ చుట్టుపక్కల నాలా ఎనిమిది రాసేవాడు లేడు.

రేకుకు ప్రైమర్ వేసి ఆరబెట్టండి. వాన తగలనీయొద్దు. శనివారం పొద్దుటి బస్సుకు వస్తాను. కుంచెలు నావే తెస్తాను. మొన్న బయటికి తీసి కడిగాను. వెంట్రుకలు గట్టిగానే ఉన్నాయి.

కిష్టయ్య


మాదాపూర్,
సెప్టెంబరు 1

మామా,

నువ్వు పోయి వారమైంది. ఆ రెండు రోజులూ నువ్వు గోడ వైపు తిరిగి నిచ్చెన మీద ఉన్నావు. నీ వెనక జనం ఏమన్నారో నీకు వినపడలేదు. అందుకని అన్నీ రాసి పెట్టుకున్నాను. విను.

నువ్వు మొదటి "ఎ" దించగానే సందులో పోయే నలుగురు ఆగారు. రెండో వత్తు అయ్యేసరికి పదిహేను మంది. భరత్ అని రోజూ మూడు రొట్టెలు తినే అన్న ఒకడున్నాడు. ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ, "ఆంటీ, ఇది ఏ ఫాంటు?" అన్నాడు.

"ఫాంటు కాదు నాయనా, మా అన్న" అంది అమ్మ.

పుణ్యవతి గారు బోల్టులు లెక్కపెట్టారు. "నాలుగే. మాట నిలబెట్టుకున్నారండి" అన్నారు. ఆ తర్వాత ఎవరూ చూడటం లేదనుకొని బోర్డు ముందు నిలబడి ఫొటో దిగారు.

హాస్టల్ వార్డెన్ తన గేటుకు నంబరు వేయించాలంటోంది. "గా మూలకున్న ఎనిమిది లెక్కనే ఉండాలె" అంది. అక్షరాల సంగతి అడగలేదు, ఎనిమిది సంగతే అడిగింది!

నిన్న కళ్యాణి మేడం తనిఖీకి వచ్చారు. టేపు పెట్టి కొలిచారు. తొమ్మిది అడుగులు, మూడు అడుగులు. "మీ మామ జాన కరెక్టే ఉంది" అన్నారు. తర్వాత మూల దగ్గర ఆగిపోయారు.

"అంకెలు ఎవరేసిండ్రు?"

"మా మామనే మేడం."

"పేరు తీసేసిండు కదా?"

"తీసేసిండు మేడం."

ఆమె కళ్లద్దాలు దించి, ఆ 5828ని చాలాసేపు చూశారు. "సరే. అంతా రూల్ ప్రకారమే ఉంది" అని రాసుకొని, లోపలికి వచ్చి రెండు రొట్టెలు తిన్నారు. నిన్న పొద్దున అరవై ఒక్క మంది తిన్నారు మామా. ఆమెతో అరవై రెండు. ఒక్కరూ నీలం గేటు అడగలేదు. నాన్న షట్టర్‌కు గ్రీసు పూస్తున్నాడు, పొద్దున్నే తొందరగా లేవాలని.

ఇంకొకటి ఉంది. నువ్వు బస్సెక్కాక అమ్మ బయట నిలబడి మూలనే చూస్తోంది. "బాగుంది కదమ్మా" అన్నాను.

"ఆ ఐదు చూసినవా? తోక పైకి లేపుతడు, కోడిపుంజు లెక్క. నాకు నేర్పినప్పుడు కూడా గట్లనే లేపేది. మొన్నటేడు మన ఊళ్ల పెండ్లికి పోయినం కదా. బస్సు దిగి చూస్తే కరెంటు స్తంభం మీద గదే ఐదు. పక్క స్తంభం మీద కూడా గదే. ఊరు దాకా నడుచుకుంట అన్నీ చూసిన. ఆ రోజే ఎరుకైంది నాకు."

"మరి ఏమీ అనలేదేం?"

"ఏమంటా? అన్న చెప్పలే, నేనడగలే. బోర్డు రాయమంటే సరిపాయె కదా." ఇంత చెప్పి, "మామకు రాయకు" అంది.

నువ్వేమో అమ్మకు చెప్పకన్నావు, అమ్మేమో నీకు రాయకంది. ఇద్దరి రహస్యం ఒకటే. దాన్ని నేనొక్కదాన్నే రెండు వైపులా మోయాలా? నా వల్ల కాదు. అందుకే రాసేశాను.

నీ,
రజిత


మక్తల్,
సెప్టెంబరు 9

బిడ్డా,

ఉత్తరం స్తంభం కింద కూర్చొని చదివాను. చెల్లెలు అన్ని స్తంభాలూ చూసుకుంటూ నడిచిందన్న చోట కాసేపు ఆగాను.

దాన్ని తిట్టకు. నిన్ను తిట్టొద్దని దానికి చెప్పు.

వార్డెన్ గేటు పని దసరా సెలవుల్లో వచ్చి చేస్తాను. రంగు నల్లదేనా, ఎర్రదా, అడిగి పెట్టు.

నిన్న మన ఊరి దారిలో ఒక స్తంభానికి నంబరు వేశాను. అయిపోయాక డబ్బా మూత పెట్టబోయాను. చెయ్యి మూలకు పోయింది. నంబరు కింద, కుడివైపు, గోరంత అక్షరంతో "కి" అని రాశాను. చుట్టూ చూశాను. ఒక మేక చూసింది, అంతే. సాయంత్రం వరకు ఇంకా ముప్పై ఒక్కటి రాశాను. అన్నిటికీ "కి" ఉంది.

ఇప్పుడు నాకు భయం పట్టుకుంది. దీనికి ఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలో కనుక్కొని రాయి. డ్రాయింగ్ నేను వేస్తాను. కొలతలు ఈసారి అంగుళాల్లోనే ఇస్తాను.

కిష్టయ్య